మాస్టారి బ్రాండు

ఫలితాలిచ్చే రోజు తల్లిదండ్రులు ఏదో ఒకటి పట్టుకురావడం ఆ బడిలో మామూలే. పెన్నులు, డైరీలు, గోడ గడియారాలు. లెక్కల మాస్టారి ఇంట్లో గోడలకన్నా గడియారాలే ఎక్కువ. అందుకే బ్రాందీ షాపాయన రంగు కాగితం చుట్టిన పొడవాటి పెట్టె బల్లమీద పెడితే, ఆయన సరిగ్గా చూడకుండానే థాంక్స్ చెప్పి పక్కకు జరపబోయాడు. లోపల సీసాలో ఏదో కదిలింది. ఆ చప్పుడును ఆయన నిద్రలో కూడా పోల్చుకోగలడు.

"మా పిల్ల లెక్కల్లో గట్టెక్కిందంటే మీ చలవే సార్. మీ బ్రాండే తెచ్చాను" అన్నాడు షాపాయన, మొహం చేటంత చేసుకుని. పక్కనే తొమ్మిదో తరగతి కూతురు తలెత్తకుండా నిలబడింది.

మాస్టారు తాగుడు మానేసి పద్నాలుగు నెలలు. క్లాసులో తూలి పడిన రోజున పెద్ద మేడమ్ ఒక్క షరతు మీద ఆయన్ని ఉద్యోగంలో ఉంచింది. బడిలో మళ్ళీ సీసాతో కనిపిస్తే రాజీనామా ఆయనే రాసివ్వాలి. ఆవిడ ఇప్పుడు పక్క గదిలోనే తల్లిదండ్రులతో మాట్లాడుతోంది, గొంతు వినిపిస్తోంది. అది ఒక భయం. పెట్టెను తోసేయాల్సిన చెయ్యి దాన్ని వదలకపోవడం అంతకన్నా పెద్ద భయం.

"నేను మానేశానండీ" అన్నాడు గొంతు తగ్గించి.

"నా దగ్గర మొహమాటమేంటి సార్. మీరు రావట్లేదని నేను చూళ్ళేదా? మలుపు దగ్గర కొత్త షాపు పెట్టారుగా, అక్కడికెళ్తున్నారనుకున్నాను. మా వల్ల ఏం తేడా వచ్చిందోనని బాధపడ్డాను కూడా."

పాపం, ఆయన తప్పేముంది? రోజూ వచ్చే మనిషి రాకపోతే పోటీ షాపుకు పోయాడనుకుంటాడు గానీ, తాగుడే మానేశాడని ఏ బ్రాందీ షాపాయన అనుకుంటాడు?

పక్క గదిలో మాటలు ఆగిపోయాయి. వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు.

"వెనక్కి తీసుకెళ్ళండి." ఈసారి అందరికీ వినబడేలా అన్నాడు మాస్టారు. "నేను తాగుబోతుని. ఇది ఇంటికొస్తే ఇవాళే అయిపోతుంది. రేపు ఇంకోటి కావాలి."

ఎప్పుడొచ్చిందో, పెద్ద మేడమ్ గుమ్మంలో ఉంది. పెట్టెను చూసింది, మాస్టారిని చూసింది. "కానివ్వండి" అని తర్వాతి గదికి వెళ్ళిపోయింది.

షాపాయన మొహం వెలవెలబోయింది. పెట్టెను చంకలో పెట్టుకున్నాడు. "నాకు తెలీదు సార్. ఇక మీరే వచ్చి అడిగినా నా షాపులో మీకు లేదు. కౌంటర్లో వాళ్ళకీ చెప్తాను. మలుపు దగ్గర వాడికీ చెప్తాను."

మాస్టారు సంతోషించాలి. కానీ భయమేసింది. ఇన్నాళ్ళూ రోజూ ఆ షాపు ముందునుంచే నడుస్తూ, కావాలంటే వెళ్ళొచ్చులే అనుకుంటూనే వెళ్ళకుండా నెట్టుకొచ్చాడు. ఇప్పుడు ఆ దారి కూడా మూసేస్తానంటున్నాడు ఈయన. చెప్పొద్దు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

పిల్ల తలెత్తి ఆయన మొహంలోకే చూస్తోంది.

"చెప్పండి" అన్నాడు మాస్టారు. "ఇవాళే చెప్పండి."