గాజుతొట్టిలో పిలకలు

"తాగినవా?"

ఉప్పలమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే అడుగుతుంది. నాలుగేళ్లుగా ఆండాళుకు తెల్లవారడమంటే అత్త అడిగే ఈ ఒక్క మాటే. రాత్రి రాగి చెంబులో పోసి ఉంచిన పుల్లమజ్జిగ, అందులో నూరి కలిపిన వాము, ఇంకా ఏవో ఆకులు. పొద్దుటికి చెంబు అంచు వెంట పచ్చటి తెట్టు కట్టి ఉంటుంది. ఆ పచ్చదనం నర్సింహస్వామి మహిమ అని ఉప్పలమ్మ నమ్మకం. ఆ చెంబును ఉప్పలమ్మ అత్త యాదగిరిగుట్టకు మొక్కు తీర్చడానికి పోయినప్పుడు తెచ్చిందట. కడుపు నిలవడానికి మందు అందులోనే పులియాలి. ఆ చెంబును చింతపండుతో తోమకూడదు, తోమితే మహిమ పోతుంది. ముక్కు మూసుకుని తాగాలి. వాంతి వస్తే మింగాలి. "తాగిన అత్తా" అని జవాబు చెప్పాలి.

అన్నీ చేసింది. అయినా మూడుసార్లు కడుపు పోయింది. ఒకటి మూడో నెల, ఒకటి ఐదో నెల. మూడోది నెలలు నిండి పుట్టింది కాని ఏడవలేదు. అత్త దాన్ని గుడ్డలో చుట్టి పెరటి దారిన తీసుకుపోయింది. ఆడో మగో ఆండాళు అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అత్త తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలోనే ఉంది. "నీ చేతిల ఏదీ బతుకది పిల్లా."

కోపంగా అన్నా బాగుండేది. ఎండ కాస్తున్నదని చెప్పినట్టు చెప్పింది.

గాజుతొట్టి ఆ ఇంటికి వచ్చింది అరవై మూడులో, సంక్రాంతి పోయాక. నల్లగొండలో కాలువల ఆఫీసు ఇంజనీరుకు బదిలీ అయింది. రెండు మూరల పొడవు, ఇనుప చట్రం, నాలుగు పక్కలా అద్దం. లారీలో పోతే పగులుతుందని, వచ్చే దొరకు అప్పజెప్పమని ఆండాళు భర్త, అటెండరు వెంకటరాజం చేతిలో పెట్టిపోయాడు. చేపలు అప్పటికే చచ్చాయి. అడుగున ఇంత ఇసుక, నాలుగు పచ్చటి నీటిమొక్క పీలికలు మిగిలాయి. సన్నగా, పొడుగ్గా, జడకు కట్టే రిబ్బన్ల లాగా ఉన్నాయి ఆకులు. వెంకటరాజం దాన్ని ముందరింట్లో, నేతగాడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంత పక్కన, కిటికీ కింద పెట్టించాడు. ఉద్యోగం వచ్చిన నెలలోనే అతను మగ్గం అమ్మేశాడు. గుంతను మాత్రం ఎవరూ కొనలేదు. మూడు పలకలు అడ్డం వేసి వదిలేశారు. నేత నేసేవాడికి వెలుతురు కావాలని తాతలు పెట్టించిన కిటికీ అది, ఇప్పుడు నీళ్లకు వెలుతురు ఇస్తున్నది.

ఆ తొట్టి పని ఎవరిదని ఎవరూ అడగలేదు. ఇంట్లో ఏ పని ఎవరిదో ఎవరూ అడగరు కదా. ఆండాళు మగ్గం ఉన్న రోజుల్లో నూలు తోడింది, గంజి పెట్టింది, కండెలు చుట్టింది, అయినా చీర నేసింది వెంకటరాజమే అనేవారు. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా నీ భార్య ఏం చేస్తుందని అడిగితే, ఏం చేస్తది, ఇంట్ల కూసుంటది అని నవ్వుతాడట. ఇంటికి వచ్చి ఆ మాట కూడా తనే చెప్పాడు, అదేదో సరదా అయినట్టు.

తొట్టి వచ్చిన వారానికి ఒక కాగితం కూడా వచ్చింది. వెంకటరాజమే ఆఫీసు రాతలో రాసుకొచ్చాడు. నేను దీర్ఘవ్యాధితో ఉన్నాను, సంసారానికి పనికిరాను, నా భర్త వేరే పెండ్లి చేసుకొనుటకు నాకు అభ్యంతరము లేదు. సర్కారు నౌకరి కాబట్టి ఊరికే రెండో పెళ్లి కుదరదు, కింద ఆమె సంతకం ఉంటే పెద్ద గుమాస్తా చూసుకుంటానన్నాడట. పిల్ల కోస్గిలో ఉంది. పదహారేళ్లు. ఆండాళు కాగితం రెండుసార్లు చదివింది. తనకు వ్యాధి ఉందని తనకే కొత్తగా తెలిసింది. పెన్ను ముట్టుకోలేదు. అప్పుడు వెంకటరాజం తొట్టి వైపు చూసి నవ్వాడు.

"సరే, ఒక షరతు. గీ ఆకు నీ చేతిల బతికిందనుకో, కాగితం చింపేస్త. సచ్చిందనుకో, మాట్లాడకుండ సంతకం పెట్టాలె."

అతనికి అది తమాషా. ఆమెకు ఆ క్షణం నుంచి ఆ నాలుగు పీలికలే ప్రాణమయ్యాయి.

ఉప్పలమ్మ చెప్పింది కదా అని ఆండాళు రాగి బిందెల్లో రాత్రంతా నిలిపిన నీళ్లే పోసింది. రాగిలో నిలిచిన నీళ్లే శుద్ధమట. పది రోజుల్లో ఆకులు గాజులాగా పారదర్శకమై, ముట్టుకుంటే చేతిలోనే కరిగిపోయాయి. నాలుగింటిలో ఒక్కటి మిగిలింది. వెంకటరాజం రోజూ ఆఫీసుకు పోతూ తొట్టి దగ్గర ఒక్క నిమిషం ఆగేవాడు. ఏమీ అనేవాడు కాదు, జేబు తడుముకునేవాడు.

ఇంజనీరు బంగళాలో ఊడ్చే బిక్షమ్మ ఒకరోజు చీపుళ్లు అమ్మడానికి వచ్చింది. ఉప్పలమ్మ ఆమెను గడప బయటే నిలబెట్టింది. బిక్షమ్మ అక్కడి నుంచే కిటికీలోకి చూసి, చుట్టాన్ని గుర్తుపట్టినట్టు ఆగిపోయింది. బంగళాలో ఆ తొట్టిని ఆరేళ్లు చూసుకున్నది తనేనట. దొరకు మంచి పేరొచ్చింది. దొరసాని అందులో ఒక్కసారి వేలు పెట్టలేదట.

"రాగి నీళ్లు పోసిండ్రా అమ్మా? గందుకే గిట్ల కాలింది. రాగి వీటికి ఇసం. ముందు నత్తలు సస్తయి, ఆనక పిలకలు, ఆకరికి తల్లి. ఒకపారి వంటాయన తెలువక పోసిండు, నాల్గు దినాల్ల అంత కుళ్లిపోయింది."

అలా గడప బయట నిలబడే అన్నీ చెప్పింది. ఇసుకను పదిసార్లు కడగాలి, నీళ్లలో తెలుపు పోయేదాకా. కింద రెండు వేళ్ల మందం చెరువు ఒండ్రు, పైన ఇసుక. వేరు మాత్రమే పాతాలి, మొదలు ఇసుకలో కూరుకుపోతే కుళ్లుతుంది. నీళ్లు కొత్త మట్టికుండలో ఒక పగలు నిలవాలి. పొద్దుటి ఎండ రెండు గడియలు చాలు, ఎక్కువైతే అద్దానికి పాకురు పడుతుంది. వారానికొకసారి మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి, మొత్తం ఎప్పుడూ మార్చకూడదు. వరిమడి కాలువలో చిన్న చేపలు నాలుగు వేస్తే దోమపిల్లల్ని అవి చూసుకుంటాయి, వాటి రెట్టే ఎరువు.

ఆండాళు అదంతా చేసింది. చెరువు ఒండ్రుతో పాటు చిన్న నత్తలు కూడా తొట్టిలోకి వచ్చాయి. ఉన్న ఒక్క మొక్కను గులకరాయికి నూలుపోగుతో కట్టి దించింది. పోగు బిగిస్తే మొదలు తెగుతుంది, వదిలితే తేలిపోతుంది. ఆ మధ్య ముడి ఆమె వేళ్లకు తెలుసు, చిన్నప్పటి నుంచి తెగిన పోగులు అతికిన వేళ్లు. మధ్యాహ్నం ఎండెక్కితే తొట్టికి పాత చీర కప్పేది. ఎవరికో తల మీద కొంగు కప్పుతున్నట్టు ఉండేది.

ఉగాదికి మొక్క ముదురాకుపచ్చ తిరిగింది. ఎండ తగిలితే ఆకుల కొసల నుంచి సన్నటి బుడగలు వరసగా లేచేవి, లోపల ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు. ఆ వెలుతురు గోడ మీద పడి గదంతా నీళ్లలో ఉన్నట్టు కదిలేది. గుంత మీది పలకల సందుల్లోంచి కిందికి కూడా జారేది ఆ పచ్చటి వెలుగు, ఒకప్పుడు తొక్కుడు కర్రల మీద కాళ్లు ఆడిన చోటికి. తరువాత తల్లిమొక్క మొదలు నుంచి తెల్లటి తీగ ఒకటి ఇసుక మీద పాకింది. దాని కొసన పిలక వేసింది. అక్కడి నుంచి ఇంకొకటి, ఇంకొకటి.

మూడు.

అక్కడితో ఆగిపోయాయి. ఆండాళు నెలరోజులు చూసింది, నాలుగోది రాలేదు. మొదటిది మరీ చిన్నది, రెండోది దానికంటే కొంచెం పెద్దది, మూడోది తల్లి ఎత్తులో సగం. ఆమెకు భయం వేయలేదు. ఇల్లు ఊడుస్తూ, బియ్యం ఏరుతూ అటే చూసేది. ఎప్పుడు చూసినా మూడూ ఆమె ఉన్న వైపే వాలి ఉన్నట్టుండేవి. వెలుగు ఎటుంటే అటు వాలుతాయని బిక్షమ్మ చెప్పింది. కిటికీ తొట్టికి వెనక వైపు కదా, మరి ఇటెందుకు వాలాయని ఆండాళు తనను తాను అడగలేదు.

వైశాఖంలో ఒక పొద్దున మందు గొంతు దిగలేదు. చెంబు పట్టుకుని ముందరింట్లోకి వచ్చింది. అత్త అడుగుల చప్పుడు దగ్గరవుతున్నది. పారబోయడానికి చోటు లేదు. చేతికి అందింది తొట్టి. వంచేసింది.

"తాగినవా?"

"తాగిన అత్తా."

మూడో రోజు నత్తలు తేలాయి. ఐదో రోజు చేపలు. ఆ తరువాత చిన్న పిలక గాజులాగా అయింది, దాని వెంట రెండోది, మూడోది. సరిగ్గా ఆ వరుసలోనే. తల్లిమొక్క మాత్రం వాడిన ఆకులతో నిలబడి ఉంది, ఏమీ జరగనట్టు.

ఆండాళు కుళ్లిన ఆకులు ఏరడానికి చేయి పెట్టి, ఆ చేయి అలాగే నీళ్లలో ఉంచి చాలాసేపు కూర్చుంది. ముందు నత్తలు, ఆనక పిలకలు. నాలుగేళ్లు. రోజూ. పరగడుపున. రాగి అంచు వెంట ఉన్న ఆ పచ్చదనమే. ఈ చేయి కాదు చంపింది. ఈ చేతికి ఇచ్చిన చెంబు. ఆ మాట లోపల అనుకోగానే నాలుగేళ్ల బరువు ఏదో దిగింది. ఏడుపు రాలేదు. తొట్టిలో మూడో వంతు నీళ్లు తీసి మట్టికుండ నీళ్లు పోసింది. మర్నాడు మళ్లీ. వారానికొకసారి అని చెప్పిన పనిని పదిహేను రోజులు రోజూ చేసింది. మందును మాత్రం ప్రతి పొద్దునా పెరట్లో బూడిదకుప్పలో పోసి, తాగిన అత్తా అని చెప్పింది.

శ్రావణానికి తల్లిమొక్క మళ్లీ తీగ వేసింది. ఈసారి పిలకలు ఐదు. ఆండాళు రెండుసార్లు లెక్కపెట్టింది. తనవి మూడు కదా, మరి ఈ ఐదు ఎవరివి అని మనసులో ఒక పిచ్చి ప్రశ్న వచ్చి పోయింది.

అవి వచ్చినప్పటి నుంచి ఉప్పలమ్మ ముందరింట్లోకి రావడం మానేసింది. రావలసి వస్తే గోడ వైపు మొహం తిప్పుకుని పోయేది. అదేం పచ్చగుంటదో, మనుషుల తీర్గ చూస్తుంటదని ఒకసారి గొణిగింది.

ఆ నెలలోనే చేరిన కొత్త ఇంజనీరు ఒక ఆదివారం వచ్చి తొట్టి చూసి, ఎంత బాగా పెంచావయ్యా అని వెంకటరాజం భుజం తట్టాడు. తట్టించుకున్నాడు. దసరాకు మనిషిని పంపి తెప్పించుకుంటానని చెప్పి దొర వెళ్లిపోగానే, అదే సంతోషంలో వెంకటరాజం జేబులో నుంచి కాగితం తీసి తొట్టి పక్కన పరిచాడు. ఆండాళు షరతు గుర్తు చేసింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"గది తమాషాకు అన్న మాటనే. ఆకులు పెంచుడు, పిల్లల్ని కనుడు ఒక్కటే అనుకున్నవా? కోస్గోళ్లు ఎన్నొద్దులు ఆగుతరు? పెట్టు."

ఆండాళు లోపలికి పోయింది. పెన్ను కోసం అనుకున్నాడు. రాగి చెంబు తెచ్చి కాగితం మీద పెట్టింది. దొర వస్తున్నాడన్న హడావుడిలో ఆ పొద్దున పారబోయని మందు అందులోనే ఉంది, పచ్చటి తెట్టుతో.

"నాలుగేండ్ల సంది దినాం తాగుతున్న. ఒక్కపారి మీరు తాగుండ్రి. తాగినంక పెట్టుమంటే పెడుత."

వెంకటరాజం నవ్వి చెంబు ఎత్తాడు. ఆడవాళ్ల మందు, అదేం చేస్తుంది. పెదవుల దాకా తెచ్చాడు. అప్పుడు వంటింటి గడప మీది నుంచి ఉప్పలమ్మ వచ్చింది. అంత వేగంగా ఆమె నడవడం ఆండాళు ఎప్పుడూ చూడలేదు. వచ్చి, కొడుకు నోటికీ చెంబుకూ మధ్య అరచేయి పెట్టింది.

"వద్దు బిడ్డా."

ఎందుకని అడిగాడు. ఆమె చెంబు లాక్కుని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గోడ వైపు మొహం తిప్పుకోబోయి, తిప్పుకోలేక, తొట్టి వైపు చూసింది. పెదవులు కదిలాయి. లెక్కపెడుతున్నది. ఐదు దగ్గర ఆగింది.

"గీళ్లు నాయోళ్లు" అంది, ఎవరితోనో కాదు. "నేను గూడ తాగిన. నా పెద్దోడు, ఆనక ఇద్దరు ఆడపిల్లలు, ఆనక..." తరువాత కోడలి వైపు తిరిగింది. "నువ్వొక్కనివే ఎట్ల బతికినవురా అని అందరు అడిగేది వీణ్ని. వీడు కడుపుల ఉన్న ఆ ఏడు నాకు జరమొస్తే మా తల్లిగారింట్ల ఉన్న. చెంబు మా అత్త దగ్గర్నే ఉండె."

తొట్టిలో బుడగలు లేస్తూనే ఉన్నాయి. వెంకటరాజం కాగితం మీద చెంబు అడుగు గుండ్రంగా పచ్చటి మచ్చ చేసింది, అతని రాత మీదుగా.

ఆండాళు అత్త చేతిలోంచి చెంబు తీసుకుంది. ఆమె విడిచిపెట్టింది, అలసిపోయినట్టు. ఆండాళు పలకలు జరిపి మగ్గం గుంతలోకి దిగింది. అంతవరకు ఆ ఇంట్లో ఏ ఆడదీ అందులోకి దిగలేదు. తొక్కుడు కర్రలుండే చోట చేతులతో తవ్వి, చెంబును మందుతో సహా బోర్లించి, మట్టి కప్పి, కాలితో గట్టిగా తొక్కింది. కోస్గి పిల్ల ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. వెంకటరాజం తాగలేదు, ఆమె సంతకం పెట్టదు. చూడవలసిన పని కూడా లేదిప్పుడు.

పైకి ఎక్కి చేతులు కడుక్కుని, మట్టికుండ ఎత్తుకొచ్చి ఉప్పలమ్మ ముందు పెట్టింది.

"ఇగ నువ్వే నీళ్లు పొయ్యి అత్తా. మూడో వంతే పోయాలె. నీ చేతిల బతుకుతయి."