మూడో చుట్టులో ఆగిన మోటారు

నేను ఒక పడవ మోటారుని. అలా అనగానే సగంమంది బోరు మోటారు అనుకుంటారు. నాకు అలవాటే. పడవ వెనక చెక్కకి నన్ను రెండు మరలతో బిగిస్తారు. కింద నీళ్ళలో నా పంకా తిరుగుతుంది, పైన నా తల ఉరుముతుంది, మధ్యలో మనుషులు తడుస్తారు. అందులోనూ నేను పందేల కోసం పుట్టినదాన్ని. పరుగు తప్ప బరువు లాగడం నాకు చేతకాదు. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఒక పెద్దమనిషి పరువు రేవులో నిలబడేది.

నేను పుట్టింది సముద్రాల అవతల, ఏడాదిలో సగం రోజులు చెరువులు గడ్డకట్టుకుపోయే ఒక చలి ఊళ్ళో. పడవ మోటార్ల ఫ్యాక్టరీని అలాంటిచోట ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి. నాకు రెండు సిలిండర్లు, అల్యూమినియం ఒళ్ళు, నెత్తిమీదే గుండ్రటి పెట్రోలు డబ్బా. ఆ డబ్బా మూతకి ఆవగింజంత చిల్లు. అందులోంచి గాలి లోపలికి వెళ్తేనే పెట్రోలు కిందికి దిగుతుంది. కొబ్బరి బోండానికి ఒకటే చిన్న కన్నం పెట్టి వంచితే నీళ్ళు నాలుగు చుక్కలు రాలి ఆగిపోతాయి చూడండి, అదే సంగతి. ఇంకొక విషయం. నా బోటి మోటార్లకి నూనె విడిగా పోయరు, పెట్రోలులోనే కలుపుతారు. కలపకుండా నడిపితే పిస్టన్ సిలిండరుకి అంటుకుపోతుంది. దాన్ని మెకానిక్కులు ‘పట్టేసింది’ అంటారు. ఆ మాట అన్నారంటే మోటారు పని అయిపోయిందన్నమాటే.

కాకినాడకి సరుకు కోసం వచ్చిన ఒక ఓడలో ఇంజనీరు నన్ను వెంట తెచ్చుకున్నాడు. పందేలు మానకపోతే ఇంటికి రావద్దని వాళ్ళావిడ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం అందిన వారానికి నేను ముత్యాలరావు గారి చేతిలో ఉన్నాను.

యానాం దగ్గర గౌతమి పాయ మీద ముత్యాలరావు గారికి రెండు లాంచీలుండేవి. నన్ను వాటిలో పెద్దదానికి బిగించారు. అందులో నలభై మంది జనం, కొబ్బరికాయల బస్తాలు, ఒక పెళ్ళి తాలూకు బ్యాండుమేళం. నేను ఎంత గొంతు చించుకున్నా లాంచీ జానెడు కదల్లేదు. బ్యాండువాళ్ళు మాత్రం నా చప్పుడుకి తగ్గట్టు డోలు వాయించారు. “అరుపెక్కువ, పని తక్కువ” అని ఆయన నన్ను తిట్టి షెడ్డులో పడేశారు. రేవులో ఆయన గురించి అనుకునేదీ సరిగ్గా అదే.

షెడ్డులోంచి నన్ను బయటికి తీసింది ఆయన కూతురు వైదేహి. అప్పటికి పదిహేడేళ్ళు, కాకినాడలో కాలేజీ చదువు. లాంచీల మెకానిక్కు నూకరాజు ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరూ కలిసి నాకు ఒక తేలిక పడవ చూసి బిగించారు. మొదటి రోజే వైదేహి నన్ను తీసుకెళ్ళి రేవు మెట్లకి కొట్టింది. నా ఎడమ చెంపకి లోతైన సొట్ట పడింది. రెండో రోజునుంచి రేవులో పడవలన్నీ మా వెనకే ఉండేవి.

ఏటా గౌతమిలో అయిదు చుట్ల పడవ పందెం జరిగేది. ఆడవాళ్ళు పాల్గొనకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. అలాంటిది ఒకటి రాయాల్సి వస్తుందని ఎవరికీ తోచలేదు. వైదేహి రెండేళ్ళు వరసగా గెలిచింది. మూడో ఏడూ గెలిస్తే కప్పు ఇక వాళ్ళింట్లోనే ఉండిపోతుంది.

ఆ మూడో ఏడు పందెం పొద్దున వైదేహి మేనత్త సూరమ్మ గారు పళ్ళెంతో రేవుకి వచ్చింది. చక్రాలున్న ప్రతిదానికీ, లేనివాటికీ బొట్టు పెట్టే మనిషి ఆవిడ. ఒకసారి సైకిలు పంపుకి కూడా పెట్టింది.

“ముందువైపు వద్దత్తా! నంబరు ఇప్పుడే రాశాం, చెరిగిపోద్ది” అని అరిచింది వైదేహి.

“మరెక్కడ పెట్టనే? దీనికి నొసలెక్కడుంది?”

“నెత్తిన పెట్టెయ్.”

“అదే మంచిదిలే. దిష్టి కూడా నెత్తినే తగులుద్ది” అంటూ ఆవిడ పసుపు ముద్ద చేసి, నా మూత మీద బొటనవేలితో ఒత్తి, దాని మీద కుంకం అద్దింది. ముఖ్యమైన పందెం కదా అని ఇంకోసారి ఒత్తింది. నా ఆవగింజంత చిల్లు, అంటే నా ముక్కు, ఆ బొట్టు కింద మూసుకుపోయింది. ఎండకి అది పెంకులా గట్టిపడింది. నా ఇంతకాలం బతుకులో అంత ప్రేమగా నా పీక నొక్కినవాళ్ళు ఇంకెవరూ లేరు.

మొదటి రెండు చుట్లూ మేమే ముందున్నాం. మూడో చుట్టులో నాకు పెట్రోలు దిగడం మానేసింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయాను. వైదేహి తాడు లాగింది, లాగింది. నేను పలకలేదు. మిగతా పడవలన్నీ మా పక్కనుంచి నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయాయి. చివరికి మా లాంచీయే వచ్చి మమ్మల్ని ఒడ్డుకి లాక్కెళ్ళింది.

“నూనె కలిపేవురా?” అన్నారు ముత్యాలరావు గారు.

నూకరాజు కలిపాడు. నా కళ్ళముందే కొలిచి పోశాడు. అయితే ఆ పొద్దున అతన్ని జెండాలు కట్టమని ఒకరు, మైకు పట్టుకోమని ఒకరు, తాడు వెతకమని ఒకరు పిలుస్తూనే ఉన్నారు. పోసిన చెయ్యి అతనిదే, మనసు మాత్రం జెండాల దగ్గరుంది.

“కలిపేననే అనుకుంటున్నానండి” అన్నాడు.

“అనుకోడమేంట్రా!”

అక్కడితో తీర్పయిపోయింది. పట్టేసింది, తాడు లాగితే లోపలంతా గీరుకుపోద్ది, ముట్టుకోవద్దన్నారు ముత్యాలరావు గారు. నిజంగా పట్టేసి ఉంటే వైదేహి లాగినప్పుడు తాడు అసలు వచ్చేదే కాదని ఆ కోపంలో ఎవరికీ తట్టలేదు. మూత తీసి, ఇద్దరు మనుషుల చేత నన్ను తలకిందులు చేయించి, మిగిలిన పెట్రోలంతా ఇసుకలో పోయించారు. ఆ మూత తీసిన క్షణంలో నాకు ఊపిరాడింది. అప్పుడు ఒక్కసారి తాడు లాగి ఉంటే రేవు దద్దరిల్లేలా పలికేదాన్ని. ఎవరూ లాగలేదు. నూనె ఉందో లేదో చెప్పాల్సిన సాక్ష్యం ఇసుకలో ఇంకిపోయింది.

వైదేహి జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె నూకరాజుకి ఎదురుగా వచ్చి నిలబడి, “నువ్వు మర్చిపోయావు కదూ?” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అతను తల దించుకున్నాడు. మర్నాటినుంచి రేవుకి రాలేదు. రేవు మాత్రం అతనికి ‘నూనెలేని నూకరాజు’ అని పేరు పెట్టి, ఆ పేరుని అతని వెనకాలే పంపించింది.

నన్ను విప్పి చూసినవాళ్ళు లేరు. పట్టేసిన మోటారుని విప్పేదేమిటని షెడ్డులోకి నెట్టారు. వైదేహికి పెళ్ళయింది, కాకినాడలో కాపురం పెట్టింది. వంతెన వచ్చింది, లాంచీలు పోయాయి, వాటితోపాటు నేనూ పోయాను. ఒక ఐసు ఫ్యాక్టరీలో గాలికి తలుపు కొట్టుకోకుండా నన్ను అడ్డం పెట్టారు. నా జీవితంలో నమ్మకంగా చేసిన ఉద్యోగం అదొక్కటే. ఆ తర్వాత రోడ్డు పక్కన చేపల హోటలు పెట్టిన ఒకాయన నాకు నెత్తినుంచి కాళ్ళదాకా వెండి రంగు కొట్టించి, చేతులు కడుక్కునే చోట గోడకి బిగించాడు. జనం నా పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. ఒకాయన నన్ను హెలికాప్టరు ముక్క అని భార్యకి వివరంగా చెప్పాడు. ఆవిడ ఆయన్ని నమ్మింది. కాపురాలు అలాగే నిలబడతాయి కాబోలు.

అక్కడికి ఒక మధ్యాహ్నం, ఎవరిదో రిటైర్మెంటు విందుకి డెబ్భై ఏళ్ళావిడ ఒకరు వచ్చారు. చేతులు కడుక్కుని, తుడుచుకోవడం మర్చిపోయి నన్ను చూస్తూ నిలబడ్డారు. తడి అరచెయ్యి తీసుకొచ్చి నా ఎడమ చెంప మీద పెట్టారు. వేళ్ళు సొట్టలోకి తిన్నగా వెళ్ళిపోయాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “ముట్టుకోకండి మేడమ్, అది డెకరేషనండి.”

“ఈ విందులో నేనూ అంతే బాబూ. ముందు దాన్ని దించు” అంది వైదేహి.

నా బదులు ఆవిడ ఇంటినుంచి ఇత్తడి గంగాళం ఒకటి తెప్పించి ఇచ్చింది. ఇప్పుడు దానికి వెండి రంగు వేసి అదే గోడకి పెట్టారని విన్నాను.

నన్ను ఇంటికి తీసుకెళ్తుందనుకున్నాను. ఆటోలో వేసుకుని నేరుగా తాళ్ళరేవు తీసుకెళ్ళింది. మిక్సీలు, నీళ్ళ మోటార్లు బాగుచేసే ఒక చిన్న కొట్టు ముందు ఆపింది. లోపల కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిన ఒక ముసలాయన తీగ చుడుతున్నాడు.

“అమ్మాయిగారా!” అని లేచాడు నూకరాజు.

“డెబ్భై ఏళ్ళొచ్చాయి రాజూ, ఇంకా అమ్మాయిగారేంటి? దీన్ని విప్పాలి.”

అతను నన్ను చూశాడు. వెండి రంగు అతన్ని ఒక్క క్షణం కూడా మోసం చెయ్యలేదు. చేతిలో తీగ కిందపెట్టాడు.

“వద్దండి.”

“ఏం?”

“మూసున్నంతకాలం, కలిపేనేమోలే అనుకోడానికైనా ఉందండి. ఇప్పితే అదీ పోద్ది.”

లోపల్నుంచి అతని భార్య మంగతాయారు గరిటెతో సహా వచ్చేసింది. “పోతే పోనియ్యండి! నేను పొయ్యి మీద మూకుడు పెట్టినప్పుడల్లా ‘నూనె ఏసేవా, నూనె ఏసేవా’ అని అడిగే మనిషితో కాపురం చేసేనండి. ఒకనాడు కాదు, రెండ్నాళ్ళు కాదు. తేలిపోవాలి ఇయ్యాల.”

“నేను నీకు క్షమాపణ చెప్పాలనే వచ్చాను రాజూ” అంది వైదేహి. “నువ్వు మర్చిపోయినా సరే చెప్తాను. అందరిముందూ అలా అడగడం తప్పే కదా. కానీ ఎంత తప్పు చేశానో తెలియాలి నాకు.”

నూకరాజు స్పానరు తీశాడు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కిరోసిన్ పోసి, కాసేపు నాననివ్వాలన్నాడు. ముగ్గురూ టీ తాగారు. ముగ్గురి వంతూ మంగతాయారే మాట్లాడింది.

తర్వాత అతను నా పై చక్రం మీద రెండు అరచేతులూ ఆన్చాడు. పట్టేసిన మోటారైతే అది కదలకూడదు. తిప్పాడు. నేను ఒక్క క్షణం బిగుసుకున్నాను, అది భయం కాదు, వయసు. అంతే, మెత్తగా తిరిగాను.

నూకరాజు బోల్టులు విప్పాడు. నా సిలిండరు వెలుతురు చూసి యాభై ఏళ్ళయింది. లోపల గోడల మీద ఒక్క గీత కూడా లేదు. కిరోసిన్‌కీ పూర్తిగా కరగని, బెల్లం పాకంలా ముదిరిన నూనె పొర మాత్రం ఉంది. అతను వేలితో తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. వేలిని వైదేహికి చూపించాడు.

“నూనేనండి” అన్నాడు.

బోర్లించిన బకెట్టు మీద కూలబడి, చేతిలో ఉన్న గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. కిరోసిన్ కళ్ళకి తగిలిందన్నాడు. తగిలే ఉంటుంది. మంగతాయారు గరిటె పక్కనపెట్టి అతని వీపు మీద చెయ్యి వేసింది.

“మరి ఎందుకు ఆగింది?” అంది వైదేహి.

ఇప్పుడు అతనిలో పాత మెకానిక్కు లేచి నిలబడ్డాడు. పెట్రోలు గొట్టం ఊది చూశాడు, బాగానే ఉంది. డబ్బా మూత తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చిల్లు కనబడలేదు. “ఏమే, పిన్నీసియ్యి” అన్నాడు. మంగతాయారు గాజులకి వేలాడుతున్న పిన్నీసు తీసి ఇచ్చింది. అతను గీకాడు. పైన వెండి రంగు రేకులా లేచింది. దాని కింద ఎరుపు వచ్చింది. ఎరుపు కింద పసుపు. పిన్నీసు టక్కుమని అవతలికి దూరింది.

ఆ ముక్కు తెరుచుకున్నప్పుడు నాకు ఎలా ఉందో మీకు చెప్పలేను. జలుబు చేసి వారం రోజులు నోటితో ఊపిరి పీల్చినవాళ్ళు కొంత ఊహించుకోగలరు.

వైదేహి అతని అరచేతిలోని పొడిని వేలితో తాకింది. “అత్త బొట్టు” అంది. తర్వాత ఆవిడ మొహం మారింది. “అత్త ముందువైపే పెట్టబోయింది రాజూ. నెత్తిన పెట్టెయ్ అన్నది నేను. నేను చేసి నీ మీద వేశాను.”

“మీరేం చేసేరండి? సూరమ్మగారు మాత్రం ఏం చేసేరు, మంచి జరగాలనే పెట్టేరు.”

“అయితే ఎవరూ ఏమీ చెయ్యలేదు, పందెం మాత్రం పోయిందన్నమాట. బాగానే ఉంది మీ వరస” అంది మంగతాయారు.

ముందు నూకరాజుకి నవ్వొచ్చింది. తర్వాత వైదేహికి. ఆవిడ నవ్వుతూనే అతని రెండు చేతులూ పట్టుకుని, తనని క్షమించమంది. అతను “ఆయ్, అలాగేనండి” అన్నాడు. చెప్పడానికి యాభై ఏళ్ళు పట్టిన మాటకి అంత చిన్న జవాబు చాలింది. ఆటోవాడు మీటరు సంగతి మర్చిపోయి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అతనికి ఏం అర్థమైందో గాని, అతనూ నవ్వాడు.

వైదేహి నన్ను మళ్ళీ బిగించి, నీళ్ళ డ్రమ్ములో పెట్టి ఒకసారి నడిపిద్దామంది. నూకరాజు ఒప్పుకోలేదు. ఇలాగే విప్పి ఉంచుతానన్నాడు. నాకూ అదే నయమనిపించింది. ఈ వయసులో పరుగెత్తమని ఎవరూ అడగకపోవడం చిన్న సుఖం కాదు.

ఇప్పుడు నేను తాళ్ళరేవులో అతని బల్ల మీద ఉన్నాను. ఒక్కటే ఇబ్బంది వచ్చింది. ‘నూనెలేని నూకరాజు’ అని పేరు పెట్టినవాళ్ళలో ఒక్కరూ బతికి లేరు. తన తప్పు లేదని చెప్పుకోవడానికి ఊళ్ళో అతనికి ఒక్క మనిషి దొరకలేదు. అందుకని మిక్సీ పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తాడు. “చెయ్యి పెట్టి చూడండి, మొహమాటపడకండి” అని నా సిలిండరు చూపిస్తాడు. వాళ్ళు వేలు పెట్టి, చూసి, “అవునండి, నూనే” అంటారు. మిక్సీ తొందరగా బాగుచేస్తాడని అలా అంటారేమో నాకు తెలియదు.

ఇంతమంది వేళ్ళు పెడితే ఏ నూనె మాత్రం మిగులుతుంది? అప్పటి నూనె మొదటి నెలలోనే అయిపోయింది. నూకరాజు రోజూ పొద్దున్నే కొట్టు తీసి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, అటూ ఇటూ చూసి, కుట్టుమిషను నూనె ఒక చుక్క నాలో వేస్తాడు. మంగతాయారు కిటికీలోంచి చూసి తల తిప్పుకుంటుంది. వైదేహి నెలకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా వేలు పెట్టి వాసన చూసి, “అదే నూనె రాజూ, అచ్చం అదే” అంటుంది.