టిక్కు పెట్టని గడి

రేఖ రాగిసంగటి కెలుకుతూ ఉండగా వెనకనుంచి మొగుడు దివాకర్ అన్నాడు, "శ్రీరంగప్ప సారుకు ఈ పొద్దు ఫోన్ చేస్తా. వచ్చే నెల నుంచి నువ్వు పనికి రావని చెప్తా." ఆమె చేతిలో తెడ్డు ఆగలేదు. ఆగితే సంగటి ఉండలు కడుతుంది, అప్పుడు దానికొక మాట పడాలి. అత్త బయమ్మ మంచం మీద నుంచే, "చెప్పు నాయనా, అది ఒప్పుకునింది గదా" అంది. ఎప్పుడు ఒప్పుకుంది? కణేకల్ దగ్గర తమ సేద్యంలో కూలోళ్లకు వండిపెట్టే మనిషి లేదనీ, రేఖను అక్కడికి పంపుదామనీ అందరూ అనుకున్ననాడు ఆమె ఎంగిలి కంచాలు తీస్తూ తల వంచుకుంది. అంతే. "నేను వారానికోసారి వస్తాలే" అని దివాకర్ వరం కూడా ఇచ్చాడు. మౌనం అర్ధాంగీకారమంటారు లోకంలో. ఆ ఇంట్లో కోడలి మౌనం పూర్తి అంగీకారం.

ఊళ్లో నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న రోజులవి. అనంతపురంలో శ్రీరంగప్ప ఆఫీసు వెబ్ పేజీలు తయారుచేసేది. రేఖ అక్కడ జావాలో ప్రోగ్రాములు రాసేది. ఆ రోజు ఆమె వెళ్లేసరికి నల్లమాడ రైతు లింగన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. డ్రిప్పు పైపుల కంపెనీ కోసం వీళ్లు చేసిన పేజీలో అతను పేరు నమోదు చేయించుకున్నాడు, ధర కనుక్కుందామని. కంపెనీవాళ్లు నేరుగా వచ్చి కాయ పట్టిన శెనక్కాయ చేనులో కాలువలు తవ్వేశారు. "నేను యాడ ఒప్పుకుంటినన్నా? నన్ను అడిగినారా?" అంటున్నాడు. "ఏందో చూడమ్మా" అన్నాడు శ్రీరంగప్ప, మొహం చిన్నబుచ్చుకుని.

రేఖ కంప్యూటర్ ముందు కూచుంది. చూపు తెర మీద, చెవులు ఫోన్ మీద. అది మోగినప్పుడల్లా తలెత్తి చూస్తోంది. లింగన్న పేరు పేజీ నుంచి సర్వరుకు సరిగ్గానే వచ్చింది, ఊరూ వచ్చింది. 'పని మొదలుపెట్టవచ్చు' అన్న గడి దగ్గర మాత్రం ఏమీ రాలేదు. గడిలో టిక్కు పెడితేనే పేజీ ఆ మాటను మోసుకెళ్తుంది. పెట్టకపోతే వద్దని కూడా చెప్పదు, నోరే విప్పదు. జావా అడిగితే 'నల్' అని వస్తుంది, అంటే ఏమీ లేదని. ఆ కింద వరుసలో ఉంది అసలు సంగతి: నల్ వస్తే, ఒప్పుకున్నట్టు రాసుకో. రాసింది ఎవరో కాదు, తనే. వద్దనుకునేవాళ్లు వద్దని చెప్తారులే అనుకుని రాసింది. తనే ఏనాడూ చెప్పలేదు, ఇంకొకరు చెప్తారని ఎలా అనుకుంది? ఆమెకు సిగ్గేసింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఆ కోపం లింగన్న చేను కోసమో తన కోసమో తేల్చుకోలేకపోయింది. వరుస మార్చి, "తప్పు నాదే సార్, ఆయన ఒప్పుకోలేదు" అని చెప్పింది.

"చేను పోయినాక చెప్తే ఏం లాభంమా" అన్నాడు లింగన్న.

అప్పుడే ఫోన్ మోగింది. శ్రీరంగప్ప కాసేపు విని, రిసీవరు చేత్తో మూశాడు. "మీ ఆయనమ్మా. నువ్వు మానుకుంటాండావంట గదా? సరేనని చెప్పేదా?"

రేఖ తల అలవాటుగా వంగబోయింది. లేచి వెళ్లి రిసీవరు అందుకుంది.

"నన్నెవురూ అడగల్యా, నేను సరే అనల్యా. నేను పని మానుకోను."

అవతల దివాకర్ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని రేఖ అంగీకారం అనుకోలేదు.