ఒకే కుట్టు

తిరుత్తణిలో తెల్లారే రైలెక్కేసరికే వళ్ళియమ్మకు ఒళ్ళు హూనమై ఉండేది. నిన్నటి అలసట నిద్రలో తీరేది కాదు. పక్కింటి దేవసేన ఆమెతోపాటే ఎక్కేది. ఇద్దరూ మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళే. ఇప్పుడు తిరువళ్లూరు దగ్గర స్కూలు బ్యాగుల కంపెనీలో పక్కపక్క మిషన్ల మీద పని.

దేవసేన బ్యాగు వెనకభాగం కుట్టి ఇస్తే, వళ్ళియమ్మ దానికి భుజంపట్టీ వేసేది. పట్టీ వేసే చోట గుడ్డ మందమై సూది పుటుక్కున విరిగేది. విరిగినప్పుడల్లా సూపర్‌వైజర్ పార్థిబన్ వచ్చి నెత్తిన నిలబడేవాడు. ఏం చేద్దామని పక్క మనిషిని అడగబోతే, "పేసాదీంగమ్మా!" అని, మాట్లాడొద్దని అరవంలో అరిచేవాడు. పనిచేసే చోట మాటలు కూడవు.

అందుకే మాటలన్నీ రైల్లోనే.

"నా కుట్టులో తప్పుందేమో చెప్పుక్కా" అనింది దేవసేన ఒకనాడు.

"నీ తప్పేముంది? నువ్వు అంచు మడిచి కుట్టేస్తావు. దానిమీద నేను పట్టీ పెట్టి మళ్ళా కుట్టాల. సూది మాత్రం ఎంతకని దిగుతుంది?"

"నేను అంచు మడవకుండా వదిలేస్తే?"

వళ్ళియమ్మ కొంగు కొస మడిచి, ఆ మడతలో వేలు దూర్చి చూసింది. "పట్టీని ఇట్లా లోపలికి తోసి, నేనే మూసి కుట్టేస్తే?"

"ఒకే కుట్టు!" దేవసేన అరిచిన అరుపుకు ఎదుట కునుకుతున్నాయన ఉలిక్కిపడి చూసినాడు.

ఆ పొద్దే ఎవురికీ చెప్పకుండా చేసి చూసినారు. మొదటిది వంకరపోయింది. రెండోదాంట్లో పట్టీ ఊడి చేతికొచ్చింది. మర్నాడు రైల్లో మళ్ళా అదే మాట. పట్టీ కొసను ఏటవాలుగా కత్తిరించాలని దేవసేనకు తోచింది, మడత ఇంకాస్త వెడల్పుండాలని వళ్ళియమ్మకు. ఆ దినం సూది విరగలేదు.

పార్థిబన్ బ్యాగును తిప్పి తిప్పి చూసినాడు. పట్టీ పట్టుకోని గుంజినాడు. "యారు ఐడియామ్మా ఇది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవురిదని చెప్పేది?

"మాట్లాడుకుంటా ఉంటే వచ్చింది సార్" అనింది వళ్ళియమ్మ. అతని కనుబొమలు ముడిపడేది చూసి, "రైల్లో సార్" అని గబుక్కున చేర్చింది.

మేనేజరు పిలిచి మెచ్చుకున్నాడు. ఆ వారంలోనే అందరూ అట్లే కుట్టాలని చెప్పినారు. నేర్పేవాళ్ళు రెండు షిఫ్టుల్లోనూ కావాలని దేవసేనను సాయంత్రం షిఫ్టుకు మార్చినారు.

వళ్ళియమ్మ పార్థిబన్ దగ్గరికి వెళ్ళి అడిగింది. "మమ్మల్ని ఒకే చోట ఉంచండి సార్. జిప్పులో గుడ్డ ఇరుక్కునేదానిగ్గూడా ఏదో ఒక దోవ యోచిస్తా ఉన్నాం."

పార్థిబన్ తల గోక్కున్నాడు. "నా చేతుల్లో ఏముందమ్మా? పైనించి చెప్పినారు. నువ్వే యోచించి చెప్పరాదా?"

ఒక్కతే యోచించింది. సగం తోచేది, ఆ సగం దగ్గరే నిలబడిపోయేది. ఒక పొద్దున రైల్లోనించి దేవసేనకు ఫోన్ చేసింది. జిప్పు అంచుకు ముందే చిన్న గుడ్డముక్క వేస్తే ఎట్లుంటుందని అడిగింది.

"ఊఁ... చెప్పుక్కా, వింటా ఉండా" అనింది దేవసేన నిద్రమబ్బులో. తర్వాత ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

ఆ ఊపిరినే కాసేపు విని, "పండుకో పాపా" అని వళ్ళియమ్మ ఫోన్ పెట్టేసింది. రైలు అరక్కోణం దాటింది. జిప్పు సంగతి మళ్ళా తలకెత్తుకునే ఓపిక ఆమెకు లేకపోయింది.