వరద రోజు పుట్టినవాళ్లు

అమీర్‌పేట మిషన్ బడిలో జీవమణి పంతులమ్మకు ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే ప్రార్థన కాగానే, చరిత్రలో ఆ తారీఖున ఏం జరిగిందో నల్లబల్ల మీద ఒక్క వాక్యం రాసేది. సెప్టెంబరు 28 వస్తే మాత్రం ఏటా ఒకటే మాట: "1908లో ఈ రోజు మూసీకి వరద వచ్చి వేలమంది చనిపోయారు." తను పుట్టింది కూడా ఆ రోజేనని ఎవరికీ చెప్పేది కాదు. "ఊరంతా ఏడ్చిన దినం, మనకు పండుగేంది బిడ్డా?" అని తల్లి యేసుమణి చిన్నప్పుడే నోరు కట్టేసింది.

1938లో ఆ రోజు బుధవారం. బడిలో నీళ్లు పోసే పనికి కొత్తగా కుదిరిన ముసలి మంగవ్వ బల్ల దగ్గర ఆగింది.

"ఏం రాసినవ్ పంతులమ్మా?"

జీవమణి చదివి వినిపించింది.

"సగమే రాసినవ్. ఆ దినం చచ్చినోళ్లే గాదు, పుట్టినోళ్లు సుత ఉన్నరు. నేను అప్పుడు మంత్రసానిని. నీళ్లకు భయపడి పంజగుట్ట మీదికి ఎక్కినోళ్లల్ల ఇద్దరికి నేనే పురుడు పోసిన. పొడిబట్ట ఒక్క చీరె దొరికితే, రెండు ముక్కలు చేసి ఇద్దరు పిల్లలను చుట్టిన."

జీవమణి సుద్దముక్క పక్కన పెట్టింది. "మా అమ్మ పేరు యేసుమణి" అంది మెల్లగా.

మంగవ్వ ఆమె గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. "నువ్వా! గంత ఏడుపు ఏడ్చిన పిల్ల, ఇంత నెమ్మదస్తురాలు అయినవా?"

"మరి ఆ రెండో బిడ్డ?"

"బతూల్ బీ కొడుకు. టాంగా తోలే ఖుద్దూస్."

జీవమణికి నవ్వాగలేదు. రోజూ తనను పంజగుట్ట నుంచి బడికి తెచ్చేది ఆ ఖుద్దూసే. గుర్రాన్ని అంత జోరుగా తోలొద్దని ఆమె తిట్టని రోజు లేదు.

సాయంత్రం బడి వదలగానే మంగవ్వను వెంటబెట్టుకుని టాంగా ఎక్కింది. సంగతి విన్న ఖుద్దూస్ మీసం దువ్వాడు.

"అట్లయితే నేనే పెద్దోణ్ణి. ఇగ నన్ను తిట్టుడు బంద్ జెయ్యాలె!"

"ఏడిసినవ్! ఆమెనే గడియ ముందు పుట్టింది" అంది మంగవ్వ.

"అయ్యో! ఇగ జిందగీ మొత్తం తిట్లేనా, ఆపా?" అని తల పట్టుకున్నాడు. ఆ పిలుపు జీవమణికి ఎంత ముద్దొచ్చిందో! ముప్పై ఏళ్ల దాకా ఆమెను అక్కా అన్నవాళ్లే లేరు.

టాంగా నేరుగా ఖుద్దూస్ ఇంటికి పోయి బతూల్ బీని ఎక్కించుకుని, యేసుమణి గుమ్మం ముందు ఆగింది. ఇద్దరు తల్లులూ మొదట ఒకరినొకరు గుర్తుపట్టలేదు. తర్వాత బతూల్ బీ, "యేసుమణీ, ఆ రాత్రి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది నువ్వే కదా?" అంది. యేసుమణి ఆమెను వాటేసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతలోనే, "పండుగ పూట ఏడుస్తరా ఎవరన్న?" అని తనను తానే కోప్పడి కళ్లు తుడుచుకుంది.

పండుగ అన్న మాట తల్లి నోట వినడం జీవమణికి అదే మొదలు. బెల్లం, సేమియా ఎక్కడున్నాయో వెతకడానికి ఆమె వంటింట్లోకి పరుగెత్తింది.