గేదెకు తీసిన రక్తం

పెసరట్టు తిరగేసేసరికి పుష్పలతకు నడుము పట్టేసింది. అట్లకాడ పట్టుకున్న చేతిని గట్టుకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. హాల్లోంచి అత్తగారు మాణిక్యమ్మ, "అల్లం పచ్చడి చేశావా, జ్వరమని అదీ మానేశావా?" అని అడిగింది.

మూడు వారాలుగా అదే జ్వరం. రోజూ సాయంత్రం ఆరింటికి మొదలవుతుంది, తెల్లారేసరికి ఒళ్లంతా చెమటలు పట్టి జారుకుంటుంది. పగలు మామూలు మనిషిలాగే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ నమ్మలేదు. భర్త ఎబినేజర్ రేపల్లెలో కాలేజీ లెక్చరర్, తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తాడు. "ఆఫీసులో రాని జ్వరం మన గుమ్మం దగ్గరే కాచుక్కూర్చుంటుందేంటి పుష్పా?" అన్నాడు ఒకరోజు. నవ్వుతూ అన్నాడు కాబట్టి ఆమె కోప్పడటానికీ వీల్లేకపోయింది. నిజంగానే నాకేమీ లేదేమో, పని తప్పించుకోవాలని ఒళ్లే నాటకమాడుతోందేమో అని తన మీద తనకే అనుమానం కలిగింది. తను పశువుల డాక్టరై పదేళ్లయింది. ఏ పశువైనా మేత ముట్టకపోతే, అది నటిస్తోందని ఆమె ఒక్కసారీ అనుకోలేదు.

పుష్పలత పనిచేసేది పశువ్యాధుల పరిశోధనశాలలో. చుట్టుపక్కల ఊళ్లలో చూడి గేదెలు ఎందుకు ఈసుకుపోతున్నాయో, నెలలు నిండని దూడలు ఎందుకు చచ్చి పడిపోతున్నాయో తేల్చడం ఆమె పని. ఆ రోజు అమృతలూరు వెళ్లింది. నాగజ్యోతి వాళ్ల గేదె ఏడో నెలలో ఈసుకుపోయి రెండు నెలలైంది. అందుకు కారణమైన జబ్బు ఇంకా ఉందేమో, దాని రక్తం మళ్లీ తీసి చూడాలి.

గేదె తల కదలకుండా పట్టుకున్న నాగజ్యోతి మోకాలు వంచలేక గోడకు ఆనుకుంది.

"కాలికేమైంది జ్యోతీ?"

"కీళ్ల నొప్పులండి. సాయంత్రమైతే జొరం. టైఫాయిడ్ అన్నారు, రెండు కోర్సులు వాడాను. తగ్గలేదు."

పుష్పలత చేతిలో సూది ఆగింది. "దూడని బయటికి తీసింది ఎవరు?"

"నేనేనండి. మాయ పడకపోతే అదీ నేనే లాగాను. మగాళ్లు అలాంటివి ముట్టుకోరు కదండీ." గేదె మెడ నిమురుతూ అంది. "నెల తిరక్కుండానే నాకూ పోయిందండి, మూడో నెల. మా అత్త, గొడ్డూ నువ్వూ ఒకటేనే అంది. గొడ్డుకైతే మీరు మూడుసార్లు రక్తం తీశారు. నాకు ఒక్కసారి చూడకూడదా డాక్టరమ్మా?"

పుష్పలత సీసాలు సర్దుకుంది. తిరిగొచ్చే జీపులో ఆమెను కుదిపేసింది నాగజ్యోతి మాట ఒక్కటే కాదు. రెండు నెలల కిందట అదే కొట్టంలో తాను పరీక్షకని మాయ ముక్క తీసుకున్నప్పుడు గ్లవుజు చిరిగింది. వారం ముందే కొత్తవి కావాలని అడిగితే ల్యాబు పెద్ద నాగభూషణరావు సారు, "ఇండెంట్ పెట్టామమ్మా, వచ్చేదాకా సర్దుకోండి" అన్నారు. ఇంట్లోనూ ఆఫీసులోనూ సర్దుకోవడం అలవాటైన మనిషి, ఆ రోజూ సర్దుకుంది. వేలి మీద, కూరలు తరుగుతుంటే తెగిన గాటు అప్పటికింకా మానలేదు. జీపు గతుక్కి ఎగిరినప్పుడల్లా ఆ గాటునే తలుచుకుంది. మచ్చ కూడా మిగలలేదు. ఎక్కడుందో వెతుక్కుంటూ వేళ్లు తడుముకుంది.

లంచ్ టైములో అందరూ క్యారేజీలు విప్పుతుంటే ఆమె ల్యాబులో తలుపు వేసుకుని, ఎడమ చేతికి రబ్బరు పట్టీ పళ్లతో బిగించి, తన రక్తం తానే తీసుకుంది. గేదె మెడ నరం సులువుగా దొరుకుతుంది. తన నరం మూడోసారికి దొరికింది. రక్తం పైన సీరం తేరాక గాజు పలక మీద ఒక చుక్క వేసి, పక్కన గులాబీ రంగు మందు ఒక చుక్క వేసి, పుల్లతో కలిపింది. గేదెలను ఈసుకుపోయేలా చేసే ఆ జబ్బే తనకూ ఉంటే నాలుగు నిమిషాల్లో గులాబీ నీరు విరిగిన పాలలా పలుకులు కడుతుంది. ఒకటో నిమిషం, ఏమీ లేదు. పలకను మెల్లగా అటూ ఇటూ ఆడించింది. రెండో నిమిషంలో అంచు దగ్గర ఏదో గరుగ్గా కనిపించింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. మూడో నిమిషం పూర్తికాకముందే చుక్కంతా విరిగిపోయింది.

పరీక్ష సంగతి విని నాగభూషణరావు అన్నారు. "మందులు వాడితే తగ్గేదేనమ్మా. సెలవు తీసుకోండి. కానీ దీన్ని కాగితం మీద పెట్టొద్దు, ల్యాబుకి చెడ్డపేరు. మన పని పశువుల వరకే. మనుషుల రక్తం ముట్టుకోవాలంటే సవాలక్ష అనుమతులు కావాలి."

"ఆ జబ్బు గేదె దగ్గరే ఆగదు కదండీ సార్."

ఆయన ఫైలు తెరిచారు. మాట ముగిసిందని అర్థం.

సాయంత్రం ఎబినేజర్ ఆమె చెప్పింది విని ముందు వంటింటి తలుపు దగ్గరికి వేశాడు. "అమ్మకి చెప్పకు. నీ చేతి వంట తినదు. ముందు ఆ ఉద్యోగం మానెయ్."

మూడు వారాల జ్వరానికి కారణం దొరికినా, 'నీకెలా ఉంది' అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఒంట్లో చలి మొదలవుతోంది. నాగజ్యోతికి మళ్లీ కడుపొస్తే, మళ్లీ పోతే, మళ్లీ ఆమెనే అంటారు. ఆ ఊళ్లో ఒట్టి చేతులతో మాయ లాగిన ఆడవాళ్లు ఇంకెందరో. వాళ్లందరికీ టైఫాయిడ్ మాత్రలే ఇస్తున్నారు. భయం తగ్గలేదు గానీ, దాన్ని ఎటు తీసుకెళ్లాలో మాత్రం తెలిసింది.

నాగజ్యోతికి ఫోన్ చేసింది. "రేపు తొమ్మిదింటికి తెనాలి పెద్దాసుపత్రి దగ్గరికి రా. ఏ పరీక్ష అడగాలో నేను చెప్తాను. నీకొచ్చింది మీ గేదె జబ్బే అయ్యుంటుంది. నాకూ అదే, ఇద్దరం కలిసే చూపించుకుందాం."

"మీక్కూడానా?" అంది నాగజ్యోతి. "మా ఆయన్ని అడిగి..." అక్కడే ఆగింది. "లేదండి. వస్తాను."

పుష్పలత భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి, జిల్లా వైద్యాధికారికి ఉత్తరం మొదలుపెట్టింది. "అన్నం వడ్డించలేదేంటి?" అంటూ మాణిక్యమ్మ వచ్చింది. "వండి ఉంచానండి, మీరు వడ్డించుకోండి" అంది తల ఎత్తకుండానే. గేదెల నుంచి స్త్రీలకు ఈ జబ్బు సోకుతోందని, ఊళ్లలో వాళ్లకు పరీక్షలు చేయించాలని రాసింది. ఇతరుల పేర్లు వాళ్లను అడగకుండా రాయకూడదు. అనుమతి అక్కర్లేని పేరు ఒకటుంది. జబ్బు సోకినవారు అన్న చోట మొదటి వరుసలో రాసింది: డాక్టర్ పుష్పలత, ముప్పై ఆరేళ్లు, స్త్రీ.