నీరసం ఎవరిది?

నేను ఒక సెల్‌ఫోన్‌ని. అనుమానం నా పుట్టుగుణం కాదు, మనుషుల చెవి పక్కన బతికి బతికి అంటుకున్నది. ఫ్యాక్టరీలో ఆడపిల్లలు నా గాజు బిగించినప్పుడు నాకు లోకం తెలియదు. మొదటి యజమాని స్థలాల బ్రోకరు. మంచం మీద దొర్లుతూనే "దారిలో ఉన్నానండీ" అనేవాడు. అలాంటివాడి జేబులో పెరిగాక ఎవరినైనా ఎలా నమ్మమంటారు?

తరవాత సాలూరులో లారీలు ఆగేచోట టిఫిను హోటలు నడిపే అసిరినాయుడు నన్ను సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఇంటికంతటికీ నేనొక్కదాన్నే. అతని భార్య బంగారమ్మకి క్యాన్సరు వచ్చి, విశాఖపట్నంలో వైద్యం ముగిసింది. జబ్బు జాడ లేదన్నారు. నీరసం మాత్రం వదల్లేదు. పొద్దున్నే పెనం ముందు నిలబడి అట్లు పోసిన మనిషి గడప దాటడానికే జంకేది.

ఆసుపత్రి అమ్మాయి నాలో ఒక యాప్ వేసింది. ఒళ్లు కోలుకున్నా, 'నేను నీరసపు మనిషిని' అన్న భావన మనకి తెలియకుండానే మనసులో పాతుకుపోతుందట. రోజూ ఆటలా ఆడితే అది సడలుతుందట. తెర మీద ఒక మాట వస్తుంది. నీరసం మాటని 'ఇతరులు' వైపు, సత్తువ మాటని 'నేను' వైపు తొయ్యాలి. ఆటలో వచ్చే మాటలు ఎవరివి వాళ్లే ముందుగా చెప్పి పెట్టుకోవాలి. సత్తువకి ఒక మాట చెప్పమంటే బంగారమ్మ 'పెనం' అంది. వేలితో తోస్తే నీరసం పోతుందా అని నేను లోలోపల నవ్వుకున్నాను.

అయినా ఆమె వేలు రోజురోజుకీ చురుకైంది. ఆమెకి బాగుందని యాప్ చెప్పిన రోజున హోటలుకి రానిస్తానని నాయుడు మాటిచ్చాడు. ఆమె ఆశంతా ఆ మాట మీదే. పొద్దున ఆడి, నన్ను అతని జేబులో పెట్టి పంపేది.

నాకు అనుమానం పుట్టింది హోటల్లోనే. మధ్యాహ్నం బేరం అయిపోయాక అతను బల్ల మీద కూలబడి, అటూ ఇటూ చూసి, అదే ఆట తెరిచేవాడు. 'నీరసం' వస్తే 'నేను' వైపు తోసేవాడు. 'కాళ్లు పీకడం' వస్తే అదీ అటే. ఆడింది బంగారమ్మే అనుకుని ఆ పిచ్చి యాప్ సాయంత్రానికి, మీ అలసట పెరిగింది, విశ్రాంతి తీసుకోండి అనేది. అది చూసి ఆమె ముఖం వాడిపోయేది. గల్లాపెట్టె తనొక్కడి చేతిలోనే ఉండాలని పెళ్లాన్ని మంచాన పడేస్తున్నాడని నాకు ఒళ్లు మండింది.

ఒక మధ్యాహ్నం బంగారమ్మ గోడలు పట్టుకుంటూ హోటలుకి వచ్చేసింది. పొద్దున బాగున్న ఆట సాయంత్రానికి ఎందుకు చెడుతోందని ఆమెకీ అనుమానమే. వెనక నిలబడి అతని బొటనవేలినే చూసింది. నాయుడు నన్ను జేబులో దాచబోయాడు.

"నన్ను లెగనీకండా సేస్తన్నావా మావా?"

అతను తల ఎత్తలేదు. "నీ ఆట సెడిపోద్దని నాకు తెల్దు. అందరూ నువ్వెలాగున్నావనే అడుగుతారు. నానెలాగున్నానో ఇదొక్కటే అడుగుతాది."

అని ఏడ్చాడు. పిండి రుబ్బడం, అట్లు పోయడం, ఇంట్లో వంట, ఆసుపత్రి ప్రయాణాలు అన్నీ ఏడాదిగా అతనొక్కడివే. నేను రోజంతా అతని గుండెకి ఆనుకునే ఉన్నాను, గల్లాపెట్టె తప్ప ఏమీ ఆలోచించలేదు. మనసు అట్టడుగున ఏముందో చూస్తానన్న యాప్‌కి వేలెవరిదో కూడా తెలియలేదు.

మర్నాడు బంగారమ్మ ఆట ఆడలేదు. ఎవరినీ అడగకుండా వచ్చి పెనం ముందు నిలబడింది. నాయుడు ఏడని లారీ డ్రైవర్లు అడిగితే, అలిసిపోయి లోపల పడుకున్నాడంది. కాసేపటికి ఆమెకి కాళ్లు వణికాయి. పొయ్యి తగ్గించి, లోపలికి వెళ్లి అతని పక్కన కూర్చుంది.

సరిగ్గా అప్పుడే, ఈరోజు ఎలా ఉన్నారు అని యాప్ నా చేత అడిగించింది. ఆమె నన్ను పక్కకి తోసి, తనకీ నీరసంగా ఉందని నాయుడికి చెప్పింది.